మైకు సౌండు కాస్త తగ్గించండి

సమాధి దగ్గర ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అక్కడ ఏడుపుకే ఊపిరి చాలదు. మూడోరోజో నాలుగోరోజో, చుట్టాలు సగంమంది బస్సులెక్కేశాక, ఒకసారి పలకరించి వద్దామని వెళ్తాను చూడండి, అప్పుడడుగుతారు. వంటింటి గుమ్మంలో నిలబడి, టీ గ్లాసు చేతికిస్తూ, పక్కగదిలో ఉన్న అత్తగారికి వినపడకుండా గొంతు తగ్గించి: "అయ్యగారూ, ఆయన బాప్తీస్మం తీసుకోలేదు గదా. ఇప్పుడు ఎక్కడున్నట్టు?"

33 ఏళ్లు గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో లూథరన్ పాస్టరుగా చేసి రిటైరయ్యాను. పెళ్లిళ్లు ఎన్ని చేశానో లెక్క చెప్పలేను గానీ, ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు మాత్రం ముఖాలతో సహా గుర్తున్నారు. సెమినరీలో గ్రీకు నేర్పారు, హీబ్రూ నేర్పారు, ప్రసంగాన్ని మూడు ముక్కలుగా ఎలా విడగొట్టాలో నేర్పారు. చేతిలో టీ గ్లాసు కాలుతుంటే ఈ మాటకేం జవాబు చెప్పాలో ఎవరూ నేర్పలేదు. తర్వాత నేర్చుకున్నాను. అయితే ఒక ఇల్లాలి మనసు విరిచి మరీ నేర్చుకున్నాను.

ముందు మా పని గురించి ఒక సంగతి చెప్పాలి. క్రైస్తవుల ఇల్లంటే ఇంటిల్లిపాదీ ఆదివారం చంకలో బైబిలు పెట్టుకుని బయల్దేరతారని బయటివాళ్లు అనుకుంటారు. నేను పనిచేసిన ఊళ్లలో అలాంటి ఇళ్లు సగం ఉంటే గొప్ప. తల్లి చర్చికొస్తుంది, తండ్రి అయ్యప్ప మాల వేస్తాడు. పెద్దవాడు బాప్తీస్మం తీసుకుంటాడు, చిన్నవాడు కొండకెళ్లి గుండు చేయించుకొస్తాడు. ఇంకో రకం కూడా ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా దక్కదు. అందుకని రిజిస్టరులో పేరెక్కించుకోకుండా, ఏళ్ల తరబడి వెనక బెంచీలోనే కూర్చుని కీర్తనలన్నీ కంఠతా పట్టినవాళ్లు వీళ్లు. వీళ్లు నమ్మినవాళ్లా, నమ్మనివాళ్లా? నా రిజిస్టరు ఒకటి చెబుతుంది, వాళ్ల గొంతు ఇంకొకటి చెబుతుంది.

బతికున్నన్నాళ్లూ ఈ నమ్మకాలన్నీ ఒకే కంచంలో తిని ఒకే పంచలో పడుకుంటాయి. చావు వచ్చినరోజే తెగ్గొట్టాల్సి వస్తుంది. పాతిపెట్టాలా, దహనం చెయ్యాలా? బాప్తీస్మం తీసుకున్న కొడుకు తలకొరివి పెడతాడా? పదకొండోరోజు పిండానికి కోడలు వండుతుందా? సంఘంలో పేరు లేని మనిషికి సమాధుల తోటలో ఆరడుగుల చోటు ఇవ్వచ్చా? ఇవన్నీ వాకిట్లో పెద్దమనుషులు కూర్చుని, కాసేపు అరుచుకుని, పొద్దుగుంకే లోపల తేల్చేస్తారు. శవం ఆగదు గదా. తేలకుండా మిగిలేది వంటింటి గుమ్మం దగ్గరి ప్రశ్న ఒక్కటే.

*

నా రెండో పేరిష్‌లో ఒక టీచరమ్మ ఉండేవారు. ఎలిమెంటరీ స్కూలు ఉద్యోగం, ఆదివారం సండేస్కూలు. భర్త ఎలక్ట్రీషియన్, మోటార్లకు వైండింగు చేసేవారు. ప్రతి ఆదివారం టీవీఎస్ ఫిఫ్టీ మీద భార్యను తీసుకొచ్చి గేటు దగ్గర దింపి, ఆవరణలో వేపచెట్టు కింద పేర్చి ఉన్న ఇటుకల మీద కూర్చుని ఈనాడు చదువుకునేవారు. ఆరాధన గంటన్నర. ఆ గంటన్నరలో ఆయన లోపలికి అడుగుపెట్టేది ఒక్క సందర్భంలోనే, మైకు కూతపెట్టినప్పుడు. చేతిలో స్క్రూడ్రైవరుతో పక్కతలుపులోంచి వచ్చి, యాంప్లిఫయరు వెనక ఏదో కదిపి, ఇక కానివ్వండి అన్నట్టు నావంక తలూపి వెళ్లిపోయేవారు. క్రిస్మస్‌కు గోపురం మీద స్టారు ఆయనే కట్టేవారు. సీరియల్ లైట్లు ఆయనే లాగేవారు. రూపాయి తీసుకునేవారు కాదు.

"లోపలికొచ్చి కూర్చోండి, ఎండగా ఉంది" అంటే, "ఇక్కడికి వినపడతానే ఉందిగా అయ్యగారూ, నేను బిగించిన మైకేగా" అని నవ్వేవారు.

ఒక మే నెలలో నిద్రలోనే గుండె ఆగి పోయారు. అన్నదమ్ములు తమ పద్ధతిలో దహనం చేసి, అస్థికలు కృష్ణలో కలిపారు. అన్నీ అయ్యాక టీచరమ్మ వచ్చి, ఇంటిదగ్గర ఆదరణ కూడిక పెట్టమని అడిగారు.

ఆదరణ కూడిక అంటే, చావు జరిగిన ఇంటి ముందు షామియానా వేసి, కీర్తనలు పాడి, వాక్యం చెప్పి, ప్రార్థించి, వచ్చినవాళ్లకు ఇంత భోజనం పెట్టడం. ఎందుకు పెడతామో పేరులోనే ఉంది. నాకప్పుడు 28 ఏళ్లు. షామియానా కింద ఆయన తరఫు బంధువులు అరవైమంది దాకా కూర్చున్నారు, ఒక్కరికీ బాప్తీస్మం లేదు. ఇంతమంది మళ్లీ ఎప్పుడు దొరుకుతారు అనుకున్నాను. లూకా సువార్త 16వ అధ్యాయం తీశాను. ధనవంతుడు, లాజరు. పాతాళంలో వేగిపోతూ ధనవంతుడు నాలుక తడుపుకోవడానికి నీటిబొట్టు అడగడం, మధ్యలో ఎవరూ దాటలేని అగాధం. నలభై నిమిషాలు చెప్పాను. చనిపోయినాయన పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పనేముంది? అరవైమందికీ తెలుసు నేనెవర్ని అటుపక్క నిలబెట్టానో.

మధ్యలో టీచరమ్మ లేచి లోపలికెళ్లారు. పాలు పొంగుతున్నాయేమో అనుకున్నాను. కూడిక అయ్యాక వంటింటి గుమ్మం దాకా వెళ్తే, ఆవిడ గోడవైపు తిరిగి స్టవ్వు తుడుస్తున్నారు. తుడిచిందే తుడుస్తున్నారు. ఆరోజు టీ గ్లాసు లేదు.

"ఆయన బాగుచేసిన మైకండీ అది" అన్నారు నావంక చూడకుండానే. "వీధి చివరిదాకా వినపడింది."

తర్వాత ఏడు నెలలు చర్చికి రాలేదు.

*

పక్క పేరిష్‌లో రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దయ్యగారు ఒకరుండేవారు. ఆయన దగ్గరికి వెళ్లి చెప్పుకున్నాను. "నేను చెప్పింది వాక్యమే గదండీ, అందులో తప్పేముంది?" అన్నాను.

"వాక్యమే అబ్బాయ్. ఉప్పు కూడా మంచిదే. తీసుకెళ్లి పుండు మీద చల్లావు" అన్నారాయన. లోపలికెళ్లి అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చి, "లూథరన్ చర్చి అని బోర్డు పెట్టుకున్నాం గదా, ఈ సంగతిలో ఆ లూథర్ ఏం రాశాడో ఎప్పుడన్నా చూశావా?" అని అడిగారు. చూడలేదు.

అసలు 1517లో లూథర్ గొడవ మొదలైందే చనిపోయినవాళ్ల పేరు మీద. ఉత్తరించు స్థలంలో, అంటే పరలోకం చేరేముందు ఆత్మలు శుద్ధి అయ్యే చోట, ఉన్నవాళ్లకు శిక్ష తగ్గుతుందని చెప్పి పాపపరిహార పత్రాలు అమ్ముతుంటే ఆయన ఎదురు తిరిగాడు. అప్పట్నుంచీ ప్రొటెస్టెంట్లు మృతుల కోసం ప్రార్థన అనే మాటకే ఉలిక్కిపడతారు. నాకూ అదే నేర్పారు. కానీ అదే లూథర్ 1528లో తాను నమ్మేవన్నీ వరసగా రాసిపెట్టినప్పుడు ఈ సంగతీ ఎత్తాడు. మృతుల కోసం ప్రార్థించమని గానీ, వద్దని గానీ లేఖనం చెప్పలేదు గనక, ఈ ఆత్మకు సాయం అందే వీలుంటే కనికరించమని దేవుణ్ణి అడుక్కోవడం పాపం కాదన్నాడు. అడిగేదేదో ఒకటి రెండుసార్లు అడిగి ఊరుకోమన్నాడు. ఏటేటా దాన్నొక తంతుగా సాగదీయొద్దన్నాడు.

దానికి ఆరేళ్ల ముందు, 1522లో, హాన్స్ ఫాన్ రెకెన్‌బర్గ్ అనే జర్మన్ దొరకు రాసిన ఉత్తరం ఇంకొకటి చూపించారు. విశ్వాసం లేకుండా పోయినవాణ్ణి దేవుడు రక్షిస్తాడా అన్నదే అక్కడా ప్రశ్న. విశ్వాసం లేకుండా రక్షణ లేదన్న గీతను లూథర్ చెరపలేదు. అయితే చావు ఘడియలోనో, చచ్చాకనో దేవుడు ఆ విశ్వాసాన్ని ఇవ్వలేడా అంటే, ఇవ్వగలడు, కాదనడానికి ఎవరం అన్నాడు. ఇస్తాడని రుజువు చెయ్యడం మాత్రం ఎవరివల్లా కాదన్నాడు. 1542లో గర్భం నిలవక, బాప్తీస్మానికి నోచుకోని బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల కోసం ఒక చిన్న పుస్తకం రాశాడు. నోరు పెగలని తల్లి పెట్టే నిట్టూర్పునే దేవుడు ప్రార్థనగా వింటాడన్నాడు.

పెద్దయ్యగారు పుస్తకం మూసేసి అన్నారు: "తీర్పు తీర్చే కుర్చీ ఒకటుంది, దాంట్లో కూర్చునేవాడున్నాడు. నీకోసం టీచరమ్మ వాళ్ల వరండాలో ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. వెళ్లి దాంట్లో కూర్చో."

వెళ్లాను. మొదటిసారి ఆవిడ పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ తలెత్తలేదు. రెండోసారీ అంతే. మూడోసారి, ఏం మాట్లాడాలో తెలియక, "ఆయనకు ఈ మైకు పని ఎవరు నేర్పారమ్మా?" అన్నాను. ఎర్రసిరా పెన్ను కింద పెట్టారు. తెనాలిలో ఒక సౌండుబాక్సుల షాపులో పదమూడేళ్లకే పనికి కుదిరాడట. సినిమా పాట పెడితే ఏ స్పీకరులో ఏ తీగ వదులైందో చెవితోనే చెప్పేవాడట. పెళ్లయిన కొత్తలో తను చర్చికి వెళ్లడానికి అత్తగారు ఒప్పుకోకపోతే, "నాకు అక్కడ రిపేరు పనుంది" అని అబద్ధం చెప్పి ప్రతి ఆదివారం తీసుకొచ్చేవాడట. ఎదురుగా వేపచెట్టు కింద కూర్చున్న మనిషి నాకు నాలుగేళ్లు కనపడ్డాడు. ఎందుకు కూర్చున్నాడో ఆరోజు తెలిసింది.

"ఆరోజు నేను తప్పు చేశానమ్మా" అన్నాను.

ఆవిడేమీ అనలేదు. కాసేపటికి లేచి లోపలికెళ్లి టీ పెట్టారు.

"ఆయన కోసం ఒక్కసారి ప్రార్థన చెయ్యమంటారా?" అని అడిగాను. భయంగానే అడిగాను. పోయినవాళ్ల కోసం ప్రార్థన చేశాడని పెద్దలకు తెలిస్తే నా మీద కాగితం వెళ్తుంది. ఆవిడా అదే అడిగారు, "మన దాంట్లో చెయ్యరు గదండీ?" అని. రెండే మాటలు అన్నాను. ప్రభువా, ఈయన నీకు తెలుసు, మాకంటే బాగా తెలుసు. నీ కనికరం చేరగలిగిన చోట ఉంటే చేర్చు. అంతే, ఆమేన్. ఆ తర్వాతి ఆదివారం టీచరమ్మ చర్చికొచ్చారు. ఆటోలో వచ్చారు.

*

అప్పట్నుంచీ నా నోట్లోని మాటల్ని నేనే విప్పి చూసుకోవడం మొదలుపెట్టాను. హీబ్రూ బైబిల్లో షెయోల్ అని ఒక చోటు ఉంది. మంచీ చెడూ తేడా లేకుండా పోయినవాళ్లంతా చేరే చోటు. యోసేపు చచ్చాడనుకున్న యాకోబు కూడా ఏడుస్తూ అక్కడికే పోతానంటాడు. దాన్ని మన తెలుగు బైబిల్లో ఒకచోట మృతుల లోకం అన్నారు, ఇంకోచోట పాతాళం అన్నారు. కొత్త నిబంధనలో గెహెన్నా వేరు. అది యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ పేరు మీద వచ్చిన మాట, అది తెలుగులో నరకం అయింది. లూకా 16లో ధనవంతుడున్న చోటు నరకం కాదు, పాతాళం. చివరి తీర్పు ఇంకా జరగలేదు. నేను నలభై నిమిషాల్లో ఆ తేడా ఒక్కసారి కూడా చెప్పలేదు.

అనువాదకుల్ని అనడానికి లేదు. జనం నోట్లో ఉన్న మాటలే వాళ్లకు దిక్కు. ఆ మాటల వెనకాల మన పురాణాలున్నాయి, ఆ పురాణాల వెనకాల మన సినిమాలున్నాయి. నరకం అనగానే తెలుగువాడికి చిత్రగుప్తుడి చిట్టా, మరుగుతున్న నూనె, గద పట్టుకున్న కైకాల సత్యనారాయణ గారు కనిపిస్తారు. 'యమగోల' చూసి, 'యమలీల' చూసి నవ్విన కళ్లతోనే ఆ ఇల్లాలు తన భర్తను అక్కడ చూసుకుంటుంది. నేనొక వచనం చదివి కూర్చుంటాను. ఆవిడకు రాత్రంతా ఆ సినిమా ఆడుతూనే ఉంటుంది.

మరి సంఘం ఏం నమ్ముతుంది? ఒక్కటే జవాబు ఉన్నట్టు మాట్లాడతాం గానీ, లేదు. క్రీస్తు చనిపోయి మృతులుండే లోకానికి దిగాడని విశ్వాసప్రమాణంలో చెప్పుకుంటాం. చెరలో ఉన్న ఆత్మలకు ప్రకటించాడని పేతురు మొదటి పత్రిక చెబుతుంది. ఆ కాసిని మాటల మీద ఇన్ని శతాబ్దాలుగా వాదన నడుస్తోంది. తూర్పు ఆర్థడాక్స్ వాళ్లు పునరుత్థానం బొమ్మ వేస్తే, విరిగిన తలుపుల మీద నిలబడి క్రీస్తు ఆదామునూ హవ్వనూ మణికట్టు పట్టి పైకి లాగుతుంటాడు. పెంతెకొస్తు పండుగ సాయంత్రం మోకరించి పాతాళంలో ఉన్నవాళ్ల కోసం కూడా ప్రార్థిస్తారు. కథోలికులు 1964లో, తమ రెండో వాటికన్ మహాసభలో, తమ తప్పు లేకుండా సువార్త తెలియకపోయినా మనస్సాక్షి చెప్పినట్టు దేవుణ్ణి వెతికినవాళ్లు రక్షణ పొందవచ్చని రాసుకున్నారు. పాతాళంలోనూ సువార్త వినపడుతుందని బోధించేవాళ్లు మన తెలుగునేల మీదా ఉన్నారు. అదేం లేదు, ఊపిరి ఆగిన క్షణమే తలుపు మూసుకుంటుందని గట్టిగా చెప్పేవాళ్లు మా సంఘాల్లో ఎక్కువ. నేను వాళ్ల మధ్య పెరిగినవాణ్ణే. ఎవరైనా ముఖం మీద అడిగితే దాచను. రక్షణ క్రీస్తులోనే ఉందని నమ్ముతాను. ఆ క్రీస్తు చెయ్యి ఎంత పొడవో నేను కొలవలేదు.

ఈ దుఃఖం కొత్తది కూడా కాదు. కథోలిక మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ 1549 ఆగస్టులో జపాన్‌లోని కగోషిమాలో దిగి, రెండేళ్లకు పైగా అక్కడ పనిచేశాడు. తిరిగొచ్చాక 1552 జనవరిలో కొచ్చిన్ నుంచి రాసిన ఉత్తరంలో ఈ సంగతి చెప్పుకున్నాడు. కొత్తగా బాప్తీస్మం తీసుకున్నవాళ్లు ఆయన్ను అడిగారట. మా తల్లిదండ్రులూ తాతముత్తాతలూ నరకంలో ఉన్నారంటున్నావు, ప్రార్థనలు చేస్తే, దానాలు చేస్తే దేవుడు వాళ్లను బయటికి తియ్యడా అని. దారి లేదన్నాడు జేవియర్. వాళ్లు ఏడుపు ఆపుకోలేకపోయారు. తనకు ఇష్టమైన ఆ మనుషులు అలా ఏడుస్తుంటే తనకూ బాధ కలిగిందని రాశాడు. అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. టీచరమ్మ వాకిట్లో నేను చెప్పిందీ అదే. ఆయన కనీసం వాళ్ల ఏడుపు చూసి బాధపడ్డాడు. నేను ఇంటికెళ్లి, ఇవాళ ప్రసంగం బాగా కుదిరిందనుకుని హాయిగా నిద్రపోయాను.

ఆ జపాన్‌వాళ్లు నాకు పరాయివాళ్లు కాదు. 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చాకే మా లూథరన్ సంఘాలు పుట్టాయి. నాలుగైదు తరాలు వెనక్కి వెళ్తే మా ఇంట్లో ఒక్క బాప్తీస్మం పేరు లేదు. మా నాయనమ్మకు నాయనమ్మ మిరపచేలో పాము కరిచి పోయిందట. యేసు అనే మాట ఆవిడ చెవిన పడే ఉండదు. నా ముక్కు ఆవిడ ముక్కేనని ఇంట్లో అనేవారు. నేను అద్దంలో చూసుకునే ముక్కు అగాధానికి అటుపక్కన ఉందని అంత తేలిగ్గా ఎలా చెప్పాను?

*

దీనికి ఎదురు కొసన ఇంకో తప్పు ఉంటుంది. అది కూడా దగ్గర్నుంచి చూశాను.

ఒక పెద్దాయన పాతకాలం కమ్యూనిస్టు. భార్యా పిల్లలూ చర్చివాళ్లు. "మీరు వెళ్లండి, నన్ను రమ్మనకండి" అనే షరతు మీద కాపురం యాభై ఏళ్లు సజావుగా నడిచింది. ఆయన పోయినప్పుడు కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. నన్ను పక్కకు తీసుకెళ్లి, "ఐసీయూలో నేను యేసయ్య పేరు చెబితే నాన్న నా చెయ్యి నొక్కాడు అయ్యగారూ. నమ్మినట్టే గదా? రేపు కూడికలో మీరు ఆ మాట చెప్పాలి" అన్నాడు.

ఈ చెయ్యి నొక్కడం నాకు చాలా ఇళ్లలో ఎదురైంది. పాస్టర్లకు అదొక పెద్ద ఊరట. సిలువ మీద దొంగను గుర్తుచేసి, చివరి క్షణంలో ఈయనా అంతే అని చెప్పేస్తే, ఇంటివాళ్లు మనశ్శాంతిగా అన్నం తింటారు, మనకూ మంచి సాక్ష్యం దొరుకుతుంది. కొన్నిసార్లు అది నిజమే అయి ఉండొచ్చు. నేను ఆ అబ్బాయిని ఒక్కటే అడిగాను: "ఇంకేమన్నా చెప్పినప్పుడు కూడా నొక్కారా బాబూ?"

చాలాసేపు ఆగి, "అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోందని చెప్పినప్పుడు కూడా నొక్కాడు" అన్నాడు.

"అయితే రేపు నువ్వే లేచి, నాన్న నా చెయ్యి నొక్కాడని చెప్పు. అది నిజం. నేను అంతకంటే ఎక్కువ చెబితే, జీవితమంతా ఒక మాట మీద నిలబడ్డ మనిషి నోట్లో, ఆయన కాదనలేని రోజు చూసుకుని ఇంకో మాట పెట్టినట్టవుతుంది" అన్నాను.

మర్నాడు ఎర్రజెండా కప్పి, పాత కామ్రేడ్లు పిడికిళ్లెత్తి లాల్ సలాం చెప్పారు. నేను తెల్లంగీ వేసుకోకుండా వెనక వరసలో కూర్చున్నాను. కొడుకు లేచి చెయ్యి నొక్కిన సంగతి చెప్పి, మిగతాది చెప్పలేక కూర్చుండిపోయాడు. తర్వాత నేను లేచి, బతికున్నవాళ్ల కోసం రెండు నిమిషాలు ప్రార్థన చేశాను. కామ్రేడ్లలో ఒకాయన వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి వెళ్లాడు.

నమ్మని మనిషిని నరకంలోకి తొయ్యడం ఎంత తప్పో, అతని మాట కాదని పరలోకంలోకి లాక్కెళ్లడమూ అంతే తప్పు. రెండింటిలోనూ చనిపోయిన మనిషి మాయమైపోతాడు. మిగిలేది మన సిద్ధాంతమో, మన ఊరటో.

అందుకని ఇప్పుడు చిన్న పాస్టర్లు సలహా అడిగితే పెద్ద పెద్ద మాటలు చెప్పను. ముందు వెళ్లి కూర్చోండి, ఆయన గురించి చెప్పమ్మా అనండి, చెప్పేది పూర్తిగా వినండి అంటాను. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని థెస్సలొనీకయులకు పౌలు రాసింది పట్టుకుని, ఏడవకు ఏడవకు అనకండి. ఆయన అసలు ఏడవొద్దనలేదు. స్నేహితుడైన ఇంకో లాజరు సమాధి దగ్గర యేసే ఏడ్చాడు. తండ్రి మీద కత్తి కట్టి చచ్చిన అబ్షాలోము కోసం దావీదు, నీ బదులు నేను చచ్చినా బాగుండేదని గుమ్మం మీది గదిలో విలపించాడు. నమ్మని తన జనం గురించి రోమీయులకు రాసేటప్పుడు పౌలు గుండెలో మానని నొప్పి ఉందన్నాడు. వాళ్లకోసం తనే క్రీస్తుకు దూరమైపోయినా సరే అనుకున్నాడు. రక్షణ గురించి ఇంత రాసిన మనిషికే తనవాళ్ల విషయంలో ఆ నొప్పి పోలేదు. ఆదరణ కూడికలో చదవాలంటే అది చదవండి. అప్పుడు గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలికి, ఈ బాధ నా ఒక్కదానిదే కాదన్నమాట అనిపిస్తుంది.

*

నవంబరు 2న సమాధుల పండుగకు ఊరంతా సమాధుల తోటకు వస్తుంది. సున్నాలు వేస్తారు, చామంతులు పరుస్తారు, చీకటి పడ్డాక కొవ్వొత్తులు వెలిగిస్తారు. టీచరమ్మకు వెలిగించడానికి సమాధి లేదు. కృష్ణలో కలిసిపోయిన మనిషికి సమాధి ఎక్కడిది? నేను ఆ పేరిష్‌లో ఉన్న ఆఖరి ఏడాది, తల్లి సమాధి మీద ఒక కొవ్వొత్తి వెలిగించి, ఇంకొకటి చేత్తో పట్టుకుని వచ్చి చర్చి ఆవరణలో వేపచెట్టు మొదట్లో పెట్టారు. ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, "చెట్టుకు దీపమేంటండీ, అన్యాచారం కాదా?" అన్నాడు. "గాలికి ఆరిపోతుంది, ఆ ఇటుకొకటి అడ్డం పెట్టండి" అన్నాను. గొణుక్కుంటూనే పెట్టాడు.

చాలా ఏళ్ల తర్వాత, నేను రిటైరవడానికి కొద్దిరోజుల ముందు, ఆవిడ మంచాన పడ్డారని కబురొస్తే ప్రభు సంస్కారం ఇవ్వడానికి వెళ్లాను. మనిషి బాగా చిక్కిపోయారు. రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నాక, దిండు కింది నుంచి ఒక కాగితం తీసి ఇచ్చారు. టీచరు దస్తూరి, లైను లైనుకూ నంబరు. తన సమాధి కార్యక్రమంలో ఏ కీర్తన పాడాలి, ఏ భాగం చదవాలి, ఎవరెవరికి భోజనం పెట్టాలి. లూకా 16 చదవొద్దని ఎక్కడా రాయలేదు. చదవనని ఆవిడకు తెలుసు.

నేనే ఉండబట్టలేక, "ఆయన సంగతి... ఇన్నేళ్లయినా మీకు నేను జవాబు చెప్పలేకపోయానమ్మా" అన్నాను.

"మీరెందుకండీ చెప్పడం?" అన్నారు కళ్లు మూసుకునే. "వెళ్తున్నాగా. నేను చూసుకుంటాను."

కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే చివరి లైను కంటపడింది. ఏడో నంబరు: మైకు సౌండు తగ్గించి పెట్టవలెను.

ఆ తర్వాతి నెలలో ఆవిడ్ని పాతిపెట్టాం. మైకు కుర్రాడు అలవాటుకొద్దీ నాబ్ మొత్తం తిప్పి ఉంచాడు. ప్రార్థన మొదలుపెట్టకముందే వాడివైపు చూసి వేలితో సైగ చేశాను. ముందు వరసలో ఉన్నవాళ్లకు వినపడేంత ఉంచి, మిగతాది తగ్గించాడు.